కూర్మమ్మ నోరు

రండి, రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ సెల్‌ఫోన్లు బొడ్లో దోపండి. మూల కూర్చున్నవాళ్ళు గుసగుసలు ఆపితే ఒక నోటి సంగతి చెబుతాను. అలాంటి నోరు మీరు చూసుండరు. అది తెరుచుకుంటే ఉప్పుమడుల్లో కొంగలు లేచి ఒడిశా దాకా ఆగకుండా ఎగిరిపోయేవి.

ఆ నోరు కూర్మమ్మది. నౌపడ అవతల, సముద్రం ఒడ్డు పల్లె. ఆ నోటి కింద పడి నలుగుతున్నది ఆవిడ కోడలు అనూరాధ.

అనూరాధకి తొమ్మిదో నెల. పెళ్ళయిన వారానికే మొగుడు ఈశ్వర్‌తో గుజరాత్‌లో వేరావల్ వెళ్ళిపోయింది. అతనక్కడ బోట్ల మీద వేటకి పోతాడు. పురుడు పోయడానికి పుట్టింట్లో తల్లి లేదు. అందుకని ఏడో నెలలో అత్తింటికి వచ్చింది. అత్త పక్కన నాలుగు రోజులు ఉండడం అదే మొదలు.

కడుపులో బిడ్డ మందకొడి. ఎప్పుడోగాని మెదలడు. డాక్టరమ్మ స్కానింగు చూసి, బాగానే ఉన్నాడు గానీ మెదలడం మీద ధ్యాస పెట్టుకో, తగ్గిందనిపిస్తే ఇంట్లో కూర్చోకుండా వచ్చెయ్ అంది. అంతే, అనూరాధకి కునుకు పోయింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చోవడమే పని. మెదిలితే హమ్మయ్య. కాసేపటికి మళ్ళీ దిగులు. కాళ్ళు దిమ్మల్లా వాచాయి, నడుం పీకేస్తోంది. వాటి గురించి బెంగపడే ఓపిక కూడా లేదామెకి.

ఆమె వచ్చిన రోజే ఒక ముచ్చట జరిగింది. వాకిట్లో ఎండేసిన నెత్తళ్ళ చేపల మీదికి కుక్క వచ్చింది. కూర్మమ్మ గట్టిగా ఒక కేక పెట్టింది. పెట్టి, తనే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అదే అదనుగా బిడ్డ ఈడ్చి ఒక తన్ను తన్నాడు.

"నీ కేకకి నిద్దర్లేచినాడత్తా," అంది అనూరాధ, ప్రయాణం బడలికలోనే నవ్వుతూ.

కూర్మమ్మ నవ్వలేదు. కోడలి పొట్టకేసి అలా చూస్తూ ఉండిపోయింది.

మర్నాటి నుంచి మొదలు.

"ఎడం పక్కకి తొంగోమంటే ఎల్లకిలా తొంగుంటావేటే? నీకు సిగ్గు నేదా? ఆ గుంటడికి సోటు సాలద్దా?"

బువ్వ వదిలేస్తే తిట్టు. తింటే, నెమ్మదిగా తింటోందని తిట్టు. తిట్ల సరుకు అయిపోతే కాకిని, కాకి వాలిన గోడని, గోడ కట్టిన మేస్త్రీని తిట్టేది. అదీ దూరం నుంచి కాదు. కోడలి ముందు చతికిలబడి, పొట్ట మీదికి వంగి మరీ తిట్టేది. ఇరుగుపొరుగు పనులు మానుకుని గోడ మీంచి చూసేవారు. అనూరాధకి తల కొట్టేసినట్టుండేది. తిట్టి తిట్టి చెమటలు కారుతుంటే కూర్మమ్మ గుంజకి చేరబడేది. తర్వాత పెరట్లోకి పోయి తనలో తానే ఏదో గొణుక్కుని, కొత్త తిట్లతో తిరిగొచ్చేది.

ఆ వారమే పక్కింటి గంగులు, ఆటో నడుపుతాడులెండి, ప్రాణంలా పెంచుకున్న పుంజుని గంగమ్మకి కోసేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. గంగులు పనులకి కారణాలు అడిగే అలవాటు ఆ పల్లెలో లేదు.

అనూరాధ మొగుడికి ఫోన్లో చెప్పుకుని ఏడ్చింది. మా అమ్మా? తిట్టడమా? అని ఈశ్వర్ పగలబడి నవ్వాడు. ఏ కొడుకు తల్లిని తప్పంటాడులే అనుకుని ఆమె ఫోన్ పెట్టేసింది. విచిత్రమేమిటంటే ఆ తిట్లకి బిడ్డ మెదిలేవాడు. అందుకే పళ్ళు బిగపట్టి పడింది.

ఇలా రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున కూర్మమ్మ నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. గొంతు పూర్తిగా పోయింది. మిరియాల కషాయం తాగినా లాభం లేకపోయింది.

ఇల్లు చల్లబడింది. బతికాన్రా దేవుడా అనుకుని అనూరాధ కాస్త కళ్ళు మూసింది. ఎండెక్కాక లేచి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. పొద్దుట్నుంచి బిడ్డ మెదల్లేదు. ఎడం పక్కకి ఒరిగింది. చల్లటి నీళ్ళు తాగింది. బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. ఎక్కడా చిన్న కదలిక లేదు.

"అత్తా," అంది. "ఓపాలి నన్ను తిట్టత్తా."

కూర్మమ్మ వంగింది. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. చప్పుడు మాత్రం రాలేదు. మరి ఆగలేదు. కోడలి రెక్క పట్టుకుని లేవదీసి, గంగులు ఆటోలో కూర్చోబెట్టింది.

ఆసుపత్రిలో గుండె చప్పుడు చూసి, ఉన్నపళంగా ఆపరేషన్ చేశారు. బొడ్డుతాడు మెడకి చుట్టుకుందట. ఇంకాస్త ఆలస్యమైతే మేం చెయ్యగలిగింది లేదు అంది డాక్టరమ్మ. మగపిల్లాడు. వాడి ఏడుపు వరండా చివర దాకా వినిపించింది. గోడకి ఆనుకుని నిలబడ్డ కూర్మమ్మ రెండు చేతులూ జోడించింది.

పురిటి స్నానం నాటికి అత్త గొంతు బాగుపడిపోయిందని ఇంటికొచ్చిన నర్సమ్మ చూసి చెప్పింది. కూర్మమ్మ మాత్రం పలకలేదు. మనవణ్ణి ఒళ్ళో వేసుకుని చూస్తూ కూర్చుంది. ఆ మౌనం అనూరాధకి తిట్ల కన్నా బరువనిపించింది.

"ఏటత్తా, నా మీద కోపమేటి? ఒక్క తిట్టూ నేదు."

కూర్మమ్మ తల అడ్డంగా ఊపి, నవ్వి, బిడ్డ దుప్పటి సర్దింది.

బిడ్డని చూడ్డానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ గంగులు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ పక్కింట్లో ఉండి ఈవిడ గొంతే ఇననేదు, మూగదనుకున్నాను, నువ్వొచ్చిన మర్నాడు తిట్లినబడితే మాటొచ్చీసిందని గంగమ్మకి నా పుంజుని కోసీసినాను, ఇప్పుడీవిడ మళ్ళీ మానీస్తే నా పుంజు నాకెవులిస్తారే?"