నేల ఆగేచోటు

ఖండానికి దక్షిణపు కొసన ఆఖరి బొరియ తనదేనని గవరయ్య అనే పీతకి మహా గొప్ప. వెనక ఇసుకదిబ్బ మీదుండే బామ్మర్దిని "లోతట్టువాడా" అని వెక్కిరించేవాడు.

ఒక పున్నమినాడు ఉత్తరపు కొస నుంచి ఎగిరొచ్చిన కొంగ, "పీత మామా, నేల సరిగ్గా ఎక్కడ ఆగుతుంది?" అని అడిగింది.

"నా గడప దగ్గరే" అన్నాడు గవరయ్య.

అంతలోనే సముద్రం వెనక్కి తగ్గింది. నేల నిజంగా ఎక్కడ ఆగుతుందో చూద్దామని వాడికీ బుద్ధి పుట్టింది. నీటి అంచుకి పోయి కొత్త బొరియ తవ్వాడు. నీళ్ళు ఇంకా వెనక్కి పోయాయి. మళ్ళీ తవ్వాడు.

సాయంత్రానికి సముద్రం పోటెత్తి బొరియలన్నీ పూడిపోయాయి, పాతదానితో సహా. గవరయ్య పడుతూ లేస్తూ దిబ్బెక్కాడు.

బామ్మర్ది పక్కకి జరిగి చోటిచ్చాడు. "రా బావా. ఈ పూట కొస మా ఇంటి ముందుంది."