మూడిళ్ల పాలు

కుక్క కంటే ముందు హెరాయిస్ చేరింది. అంతే తేడా.

ఊరి గోడ బయట పెంటకుప్ప. బూడిద, గాడిద పేడ, పగిలిన కుండలు, వాటి మధ్య అప్పుడప్పుడూ ఓ బిడ్డ. ఈసారి ఆడపిల్ల. పుట్టి ఒక్క రోజు కూడా అయి ఉండదు. నైలు మీంచి వచ్చే తెల్లవారుజాము చలికి ఒళ్లు నీలంగా మారింది. ముసలామె కర్రతో కుక్కను అదిలించి, ముందు పిల్ల చెవులు తడిమి చూసింది. కుక్కలు చెవులతోనే మొదలుపెడతాయి. రెండూ ఉన్నాయి.

"పొద్దున్నే తగలడ్డావా అవ్వా?" వెనక నుంచి పెకూసిస్ గొంతు. బానిసల బేరగాడు. వాడూ రోజూ అదే వేళకు, అదే పని మీద వస్తాడు. "నిన్ను చెరలో వేశారనుకుని సంబరపడ్డానే!"

"నా దగ్గర చీటీ ఉందిరా."

"చీటీయా! నీ దగ్గరా!" వాడు పగలబడి నవ్వాడు. "అయితే బలి మాంసం తిన్నావన్నమాట. ఎలా ఉంది? ఉప్పు సరిపోయిందా?"

హెరాయిస్ పిల్ల ఒంటి మీది బూడిద తుడిచింది. చక్రవర్తి ఉత్తరువు వచ్చి నెలైంది. దేవతల ముందు ధూపం వేసి, బలి మాంసం రుచి చూసినవాళ్లకే చీటీ. చీటీ లేనివాళ్లను కావలివాడు ఊరి గుమ్మం దాటనివ్వడు. గుమ్మం దాటకపోతే కుప్ప దగ్గరికి రావడం కుదరదు. నలభై ఏళ్లుగా క్రీస్తును నమ్ముకున్న మనిషి, ఒక్క ముక్క నమిలి మింగింది.

"పిల్లను నాకిచ్చెయ్. పాకలో దాదిని పెట్టాను. పాలకు కరువు లేదు."

"పెంచి ఎవరికి అమ్ముతావు?"

"ఎవరికి నచ్చితే వాళ్లకి. నాది దాపరికం లేని యాపారం. కుప్ప మీది పిల్లలకి ‘పెంట’ అనే పేరు రాయిస్తాను. నీలాగా దాచిపెట్టను."

దాచడం నిజమే. ఆమె ఎత్తుకెళ్లిన పిల్లలు ఎవరో ఒక విశ్వాసి ఇంట్లో కన్నబిడ్డల్లా పెరుగుతారు. కుప్ప మాట వాళ్ల చెవిన కూడా పడకూడదని హెరాయిస్ ఒట్టు. పడితే వీధిలోకి పొక్కుతుంది. పొక్కితే ఎవడో ఒకడు వచ్చి, నా బానిస అని చెయ్యి పట్టుకు లాక్కుపోతాడు.

బిడ్డను పైగుడ్డలో చుట్టుకుని ఊళ్లోకి నడిచింది.

మాంసం సంగతి విశ్వాసుల సంఘమంతటికీ తెలిసిపోయింది. మొదటి తలుపు సగం తెరుచుకుని, ఆమె మొహం చూసి మూసుకుంది. రెండో తలుపు వెనక గడియ పడ్డ చప్పుడు మాత్రం వినిపించింది. ఈ లోపల గుడ్డ ముంచి మేకపాలు పిండితే పిల్ల కక్కేసింది. ఎండ నెత్తికెక్కేసరికి ఏడుపు సన్నగిల్లింది.

మూడో తలుపు తెర్ముతిస్‌ది. చంకలో మూడు నెలల కొడుకు. రొమ్ముల మీద బట్ట తడిసి ఉంది.

"ఒక్క పూట పట్టమ్మా," అంది హెరాయిస్.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావు? ఆ మాంసం ముట్టనన్నందుకు మా ఆయన గనుల్లో రాళ్లు కొడుతున్నాడు. నువ్వు తిన్నావు. తిన్న చేతుల్తోనే పిల్లను తెచ్చావు!"

"నన్ను తిట్టుకో తల్లీ. పిల్లేం చేసింది?"

"నీ చేతి మీదుగా మంచినీళ్లు కూడా తీసుకోవద్దన్నారు పెద్దలు." తెర్ముతిస్ ఒక్క క్షణం గుడ్డలోకి తొంగి చూసింది. వెంటనే మొహం తిప్పుకుంది. "అయినా ఎవరు కని పారేశారో ఏమో. కుప్ప మీది పిల్లకి నా కొడుకు పాలు పట్టనా?"

తెర్ముతిస్ తన తెగిపోయిన చెవి తమ్మె మీదికి ముసుగు లాక్కుంది, అలవాటుగా.

హెరాయిస్ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. తలుపూ మూసుకుంది.

పిల్ల ఏడవడం మానేసింది. ముసలామె ఊరి గుమ్మం దాటి, కుప్ప పక్కనున్న పెకూసిస్ పాక ముందు నిలబడింది.

"ఏమే అవ్వా, ఊరంతా మీవాళ్లేగా! ఎన్నిళ్లు తిరిగావు?"

"మూడు."

"మూడిళ్లకే కాళ్లు పడిపోయాయా?"

"ఆ మూడిళ్లవాళ్లే పట్టనప్పుడు ఇంకెవరు పడతార్రా."

వాడు పిల్ల నోట్లో వేలు పెట్టి చిగుళ్లు తడిమాడు. కాళ్లు లాగి చూశాడు, గాడిదపిల్లను చూసినట్టే. తర్వాత దాదిని కేకేశాడు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత చప్పరిస్తున్న చప్పుడు.

"పట్టింది," అన్నాడు పెకూసిస్. "బతుకుతుంది. పన్నెండేళ్లు ఓపిక పడితే మంచి సరుకు."

హెరాయిస్ ఖాళీ గుడ్డ దులుపుకుని భుజాన వేసుకుంది.

ఇరవై ఏళ్ల కిందట ఆ మూడిళ్ల ఇల్లాళ్లనూ ఇదే కుప్ప మీంచి, ఇదే గుడ్డలో ఎత్తుకెళ్లింది ఆమె. తెర్ముతిస్ దగ్గరికి మాత్రం ఆ రోజు కుక్క ముందు చేరింది.