వాసన చూసే కాపలాచీమ

మా గండుచీమల పుట్ట పాడైపోయిందంటే తప్పు వానది కాదు, వాకిట్లో నిలబడ్డ కాపలాచీమది. వాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వచ్చినవాళ్ళందరినీ వాడు మీసాలతో తడిమి వాసన చూసేవాడు. మా పుట్ట వాసన లేకపోతే గెంటేసేవాడు. మట్టితో గట్టి గూళ్ళు కట్టే కందిరీగను అలాగే పొమ్మన్నాడు. తర్వాత ఆకులు కుట్టి ఇళ్ళు చేసే ఎర్రచీమ వచ్చింది.

"మీ గింజలు తడవకుండా చెట్టు మీద కొట్లు కుట్టిపెడతాను. నాకో మూల చోటివ్వండి," అంది.

"నీది మా వాసన కాదు," అన్నాడు వాడు.

"నీ వాసన గింజల్ని తడవకుండా ఆపుతుందా? దాని పనితనం చూడవయ్యా," అని అరిచాను. విన్నాడా? లేదు.

వాడు గెంటేసినవాళ్ళంతా ఎదురుగా ఉన్న మామిడిచెట్టెక్కారు. ఏడాది తిరిగేసరికి కొమ్మకొమ్మకీ ఆకుల ఇళ్ళు, మట్టి కొట్లు లేచాయి. ఎక్కడెక్కడి పురుగులో తిండి మోసుకొచ్చి అక్కడే దాచుకుని, అక్కడే బేరాలాడుకునేవి. మా పడుచు చీమలు కూడా ఒక్కొక్కటిగా అటే పోయాయి. మా వాకిట్లో మాత్రం వాసన చూడ్డం ఆగలేదు.

పెద్దవాన పడి పుట్టలోకి నీళ్ళొచ్చాయి. గింజలన్నీ నాని కుళ్ళాయి. మిగిలినవాళ్ళం తడుస్తూ ఆ మామిడిచెట్టే ఎక్కాం. కాపలాచీమ తనను వాసన చూస్తారనుకుని తల వంచుకు నిలబడ్డాడు. ఎర్రచీమ వాసన చూడలేదు.

"లోపలికి రావయ్యా. నీకేం పని వచ్చు?" అని అడిగింది.

అంతమందిని గెంటినవాడు అలవాటుగా మీసాలు చాచి దాన్ని వాసన చూడబోయాడు; వాడికి వచ్చిన పని అదొక్కటే.