డయమంతీనా కొడుకు

గ్రీకు సముద్రంలోని మా కెఫలోనియా దీవిని ఇంగ్లీషువాళ్ళు కాపాడుతున్నామని చెప్పుకునే రోజులవి. తిరగబడ్డ కుర్రాళ్ళను ఊరూరా ఉరి తీస్తున్నారు. డయమంతీనా కొడుకు పనాయిస్ కోసం వారం నుంచి కొండలు గాలిస్తున్నారు.

ఆ మధ్యాహ్నం సిపాయిలు గాడిద మీద ఒక శవాన్ని తెచ్చి చర్చి ముందు దించారు. గుండు తగిలి ముఖం చెదిరిపోయింది.

"చూసి చెప్పమ్మా, నీ కొడుకేనా?" అన్నాడు దుభాషి. "కాకపోతే మళ్ళీ కొండెక్కాలి. నా జోళ్ళు అరిగిపోయాయి."

డయమంతీనా కదల్లేదు. పక్కింటావిడ వంగి, శవం చేతులు తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత డయమంతీనా భుజం పట్టి ముందుకు నెట్టింది.

"నీ పనాయిసేనే చెల్లీ. వెళ్ళు, ఏడువు."

డయమంతీనా గుండెలు బాదుకుంటూ శవం మీద పడింది. సిపాయిల వెంట వచ్చిన ఇంగ్లీషు దొర తన కాగితంలో పనాయిస్ పేరు కొట్టేశాడు. కొండ మీది సిపాయిలను వెనక్కి రమ్మని బూర ఊదించాడు.

అందరూ వెళ్ళిపోయాక డయమంతీనా లేచి పక్కింటావిడ కాళ్ళు పట్టుకుంది.

"నా వాడు ఈ పూటే పడవెక్కేస్తాడక్కా. ఇక ఎవరూ చూడటం లేదు. నీ బిడ్డ కోసం నువ్వు ఏడువు."

అంతవరకూ నిలబడే ఉన్న ఆ తల్లి అప్పుడు కొడుకు పక్కన కూలబడింది.