ఆరు కేబినెట్ల ఆర్డరు

“చెప్పులు బయట విడిచి రండి మేడం.”

“విడవను.”

ఆత్మకూరు బస్టాండు ఎదురుసందులో, కంప్యూటర్లు బిగించి అమ్మే సురేంద్రబాబు షాపులో బేరం అలా మొదలైంది. 1997లో కంప్యూటర్ ఉన్న గదంటే దేవుడి గదితో సమానం. దుమ్ము పడితే మిషన్ పాడవుతుందని గోడకు బోర్డు కూడా ఉంది. ఆవిడ ఆ బోర్డు మొత్తం చదివి, చెప్పులతోనే నడిచొచ్చి కుర్చీలో కూర్చుంది.

ఇంకెవరైనా అయితే సురేంద్ర వచ్చిన దారి చూపించేవాడే. కానీ ఈవిడ ఉదయగిరి నుంచి వచ్చిన రెబెకమ్మ టీచరు. బడికి ఆరు కంప్యూటర్లు కావాలంది. మూడు నెలలుగా ఈగలు తోలుకుంటున్నవాడికి ఆరంటే మాటలా? ఈ ఆర్డరు జారిపోతే షట్టరు దించేసి, మర్రిపాడు వెళ్ళి మామగారి లారీ కడుక్కోవాల్సిందే. మామగారు ఆ మాట పోయినవారం నలుగురి ముందే అన్నాడు కూడా.

లోపలి సరుకు నీ ఇష్టం, పైన కేబినెట్ మాత్రం నేను చూసి ఎంచుకుంటానంది టీచరు. సురేంద్రకు లోలోపల నవ్వొచ్చింది. తెలియనివాళ్ళంతా పెట్టె చూసే కంప్యూటర్ కొంటారు. మద్రాసు నుంచి తెచ్చిన మూడు రకాలూ బల్ల మీద పెట్టాడు.

మొదటిది మానిటర్ కింద పడుకోబెట్టే రకం. ఆవిడ మూత తీయించి, లోపలి అంచు వెంబడి వేలు పోనిచ్చింది. వేలికి రక్తం వచ్చింది.

“బ్లేడు మాదిరి ఉండాది. పిల్లకాయలు చెయ్యి పెడితే ఏంది గతి?”

పిల్లకాయలు మూత ఎందుకు తీస్తారని సురేంద్ర అడిగాడు. పిల్లకాయల సంగతి నాకు చెప్పొద్దని ఆవిడ కసిరింది.

రెండోది నిలబెట్టే రకం. ముందువైపు మిషన్ వేగం చూపించే ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ఆ అంకెలు చూసి మురిసిపోని గిరాకీ ఇంతవరకూ రాలేదు. ఆవిడ మాత్రం, అంకె ఎంత చూపించాలో నువ్వు పెట్టిందేగా, నాకీ వేషాలు వద్దంది. బడిపంతులమ్మకు ఈ గుట్టు ఎవరు చెప్పారో వాడికి అర్థం కాలేదు. ఒళ్ళు మండింది. అయినా మామగారి లారీ గుర్తొచ్చి మూడోది ముందుకు జరిపాడు.

మూడోది అన్నిటికంటే ఎత్తు, అన్నిటికంటే ఖరీదు. ఆవిడ స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, ముందు పలక తానే ఊడదీసి, ఆన్ బటన్ వెనక తొంగిచూసింది.

“కరెంటు నేరుగా ఈ బటన్ దాకా వస్తాదా?”

“వస్తాది.”

“మరి ఈ తీగల కొసలకు తొడుగులేవి?”

“లోపలుండే తీగలకు తొడుగెందుకు మేడం?”

“బస్సు పైనేసి తీసకపోయేటప్పుడు ఊడి, రేకుకు తగిలితే?”

“తగిలితే కొంచెం జిల్లుమంటాది. అంతే.”

రెబెకమ్మ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, సంచి చేతిలోకి తీసుకుంది. ఇలాంటి మనిషి చేతిలో పడిన పిల్లల్ని తలుచుకుని సురేంద్ర జాలిపడ్డాడు. ఆర్డరు జారిపోతోందని కంగారుపడి, ఉదయగిరిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే సెంటరుకు జూన్‌లో మిషన్ ఇచ్చింది తనేననీ, అచ్చం ఈ రకమేననీ, కావాలంటే వెళ్ళి చూసుకోమనీ చెప్పాడు.

“చూసినాను. దాని ప్లగ్గుకు మూడో పిన్ను లేదే?”

“ఎర్త్ పిన్ను మేడం. మీ ఊళ్ళో గోడలకు రెండు బొక్కల సాకెట్లే గదా. అందుకని నేనే పీకి ఇచ్చినా. మీ ఆరింటికీ పీకి ఇస్తా, ఊరికేనే.”

ఆ మాటకు ఆవిడ మొదటిసారి మెత్తబడినట్టు కనిపించింది. బడి కమిటీలో అందరూ పల్లెటూరి పెద్దలనీ, నోటిమాట నమ్మరనీ అంది. సెంటరుకు ఏమేం చేసి ఇచ్చాడో, బడికీ అలాగే చేసిస్తానని కాగితం మీద రాసివ్వమంది. అది చూపిస్తే కమిటీ ఇక ఒక్క మాట కూడా అడగదంది.

సురేంద్రకు ప్రాణం లేచొచ్చింది. షాపు పేరున్న కాగితం తీసి, ఆవిడ చెప్పినట్టే రాశాడు. కేబినెట్ రకం, బటన్ తీగలకు తొడుగులు వేయకపోవడం, ఎర్త్ పిన్ను తానే స్వయంగా తీసివేయడం, సెంటరుకు ఇచ్చిన తేదీ. తేదీ దగ్గర ఆవిడ ఒకటికి రెండుసార్లు సరిచూసింది. ప్రమాదమేమీ లేదని తనంతట తానే ఇంకో వాక్యం చేర్చి, సంతకం పెట్టి, ముద్ర గట్టిగా గుద్దాడు. ఇంత చాదస్తపు మనిషిని కూడా ఒప్పించగలిగానని వాడికి గర్వంగా ఉంది.

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. లేచి గుమ్మం దాకా నడిచింది.

“ఇంతకూ ఏ కేబినెట్ ఖాయం చేసినారు మేడం?” సురేంద్ర పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాడు.

రెబెకమ్మ వెనక్కి తిరిగింది.

“పోయిన నెల ఆ సెంటర్లో నీ పెట్టె ముట్టుకుని చచ్చిపోయిన పిల్ల నా కూతురు.”