ఖాళీ ట్రే

"ముందు ట్రే చూపించు," అన్నాడు మేస్త్రీ.

డ్రైవరు నవ్వుతూ రేకు ట్రే ఎత్తి బోర్లించాడు. ఏమీ రాలలేదు.

"చూశావుగా, ఒక్క నట్టు మిగల్లేదు. పటాలం వదిలి ఇన్నేళ్ళయినా నీ చాదస్తం పోలేదురా మేస్త్రీ."

"చాదస్తం కాదురా, పద్ధతి."

పటాలంలో బళ్ళ షెడ్డు పద్ధతి అది. విప్పిన ప్రతి నట్టూ, పిన్నూ ట్రేలో పడాలి. బిగించాక ట్రే ఖాళీ కావాలి. ఒక్కటి మిగిలినా బండి గేటు దాటకూడదు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. బాగుచేసినవాడే మొదటిసారి డ్రైవరు పక్క సీట్లో కూర్చోవాలి. సరుకు అమ్మేవాడు ముందు తాను రుచి చూసినట్టన్నమాట.

ఎదురుగా ఉన్న కారు వాళ్ళిద్దరికంటే వయసులో పెద్దది. పదకొండేళ్ళ కిందట తుక్కు దుకాణం నుంచి డ్రైవరే లాగించుకొచ్చాడు. అప్పటికి మేస్త్రీ పెద్ద జ్వరం నుంచి లేచి వారమైంది. ఆ జ్వరంలో పాలు కాచి తాగించిందీ, ట్రంకు పెట్టె అడుగు నుంచి దుప్పటి తీసి కప్పిందీ డ్రైవరే. మంచం పట్టిన మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలనుకున్నాడు కాబోలు, "దీన్ని మనిద్దరం కట్టాలిరా. కట్టి కొండ దిగాలి. పక్క సీటు నీదే," అన్నాడు.

తలుపులు ఒక బండివి, రేడియేటరు ఇంకో బండిది. పిస్టన్ రింగులు దొరకడానికే రెండేళ్ళు పట్టింది. ఇంజను మేస్త్రీ చూసుకున్నాడు. మోకాళ్ళు వంగవు గనక బండి కిందికి దూరే పనంతా డ్రైవరుకు వదిలేశాడు. అంత పనికి అంత కాలం లాభమా నష్టమా అంటే, మిగతా రోజులు ఖర్చు చేయడానికి ఇద్దరికీ వేరే దారి లేదు.

"నీ బావమరిది టీ గుర్తుందా?" అన్నాడు మేస్త్రీ, బానెట్ తుడుస్తూ. "తాగలేక దాంతో స్పానర్లు కడిగేవాళ్ళం."

"స్పానర్లు మెరిసేవి కూడా," అన్నాడు డ్రైవరు.

ఆ బావమరిది పటాలంలో వంటవాడు. నలభై మూడేళ్ళ కిందట డ్రైవరు నడిపే లారీకి మేస్త్రీ బ్రేకు బాగుచేశాడు. పక్క సీట్లో కూర్చోవలసిన సమయానికి పంటి నొప్పి. "నీ బదులు నేనెక్కుతాలే, కింద నుంచి కూరగాయలు తెచ్చుకోవాలి," అని వంటవాడు ఎక్కాడు. కొండ దిగుతుంటే బ్రేకు పడలేదు. వంటవాడు పోయాడు. డ్రైవరు బ్రేకు ఆలస్యంగా తొక్కాడని విచారణలో తేల్చి ఇంటికి పంపించేశారు. తమ్ముణ్ణి చంపినవాడితో కాపురం చేయనని భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. అడిగిన ప్రతివాడికీ డ్రైవరు ఒకే మాట చెప్పేవాడు: "తొక్కాననే అనుకుంటున్నా. ఏమో, ఆలస్యమైందేమో."

లారీ గేటు దాటాక మేస్త్రీ ట్రే వైపు చూశాడు. గోరంత పిన్ను ఒకటి మిగిలి ఉంది. బ్రేకు పెడల్‌నీ రాడ్డునూ కలిపి ఉంచేది అదే. అది లేకపోయినా నాలుగైదు తొక్కుల దాకా బ్రేకు పడుతుంది. ఆ తర్వాత రాడ్డు జారిపోతుంది. మేస్త్రీ పిన్ను జేబులో వేసుకున్నాడు. విచారణలో "ట్రే ఖాళీ సార్," అన్నాడు. ఆ పిన్ను చిన్న డబ్బాలో, ట్రంకు అడుగున ఉండిపోయింది. మూత తీసే ధైర్యం మళ్ళీ ఎప్పుడూ చేయలేదు.

బండి కదిలిన రోజున నిజం చెప్పేయాలని పదకొండేళ్ళుగా అనుకుంటున్నాడు. విడిభాగం దొరకలేదన్న ప్రతిసారీ లోపల ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడు దొరకవలసిందేమీ లేదు. చెప్పాక ఈ ఒక్క స్నేహితుడూ మిగలడని తెలుసు. చెప్పకుండా పోతే తానేమీ మిగలడనీ తెలుసు.

మేస్త్రీ కూతురు గేటు తీసింది.

"బాబాయ్, మా నాన్నకి అసలే తొందరెక్కువ. జాగ్రత్త."

"మీ నాన్న ఎక్కడుంటే నేనూ అక్కడే ఉంటానమ్మా."

"నీ సంచి ఏదిరా?" అన్నాడు మేస్త్రీ ఎక్కుతూ. "పొద్దున గది ఖాళీ చేసి తాళం ఇచ్చేశానన్నావు."

"మోసుకుపోవడానికి ఏముందిరా నా దగ్గర!"

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. గేటు దగ్గర డ్రైవరు రెండుసార్లు బ్రేకు తొక్కి చూపించాడు. బండి బుద్ధిగా ఆగింది. వీధి చివర ఇంకోసారి. కొండ మీద, దిగుడు మొదలయ్యేచోట ఇంకోసారి.

కింద రోడ్డు మెలికలు తిరిగి లోయలోకి దిగుతోంది. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, నీకో మాట చెప్పాలి. ఆ రోజు తప్పు నీది కాదు."

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నించి?"

"నీకు జ్వరమొచ్చినప్పట్నించి."

మేస్త్రీ కళ్ళు తుడుచుకున్నాడు. "పదకొండేళ్ళు తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. రోజూ వచ్చి నాతో కూర్చుని బండి కట్టావు. ఎంత మంచివాడివిరా నువ్వు!"

బండి దిగుడులో వేగం అందుకుంది.

"నెమ్మదిరా, ముందు మలుపుంది. బ్రేకు వెయ్యి."

"వేస్తూనే ఉన్నా," అని డ్రైవరు ఎడమచేతి గుప్పిట అతని ముందు విప్పాడు.

అందులో రెండు పిన్నులున్నాయి, ఒకటి తుప్పుపట్టినది, ఒకటి కొత్తది.