మూడో పుస్తకం

"తీసెయ్యక్కా ఇవన్నీ!" ఐసీయూ బయట బెంచీ మీద అక్క పెట్టిన పుస్తకాలను చెల్లెలు పక్కకు తోసేసింది. లోపలున్న ఆమె కొడుకు మీద ఆశ వదులుకోమని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్లాడు.

"ఒక్కటైనా చదవవే. నీకు పుస్తకాలంటే ప్రాణం కదా."

"భక్తి పుస్తకం నమ్మమంటుంది. నమ్మీ నమ్మీ అలిసిపోయాను. నవల్లో పిల్లలు చివరి పేజీలో కళ్లు తెరుస్తారు. ఈ ఆత్మకథ రాసినావిడ కొడుకు బతికాడా?"

అక్క తల అడ్డంగా ఊపింది.

"మరి నాకెందుకు తెచ్చావు?"

"ఆవిడ బతికిందే. బతికి, ఇది రాసింది."

చెల్లెలు అక్కను తేరిపార చూసింది. బిడ్డను పోగొట్టుకున్న ఏడాదంతా అక్క ఎలా గడిపిందో తానెన్నడూ అడగలేదు.

మెల్లగా అక్క ఒళ్లో తల పెట్టుకుంది.

"పుస్తకం వద్దు. నువ్వెలా బతికావో చెప్పక్కా."